వేటకు ముందు వేసుకున్న లెక్క

పెళ్ళిరోజు వేడుకలు జరుపుకునే అలవాటు మా ఇంట్లో లేదు. అయినా మా దాంపత్యానికి 25 సంవత్సరాలు నిండుతున్న ఈ ఏడాది, పిల్లలిద్దరూ చదువుల కోసం వేరే ఊళ్ళకు వెళ్ళిపోయాక, ఇద్దరమే ఎక్కడికైనా వెళ్ళి వద్దామన్న కోరిక మాకు కలిగింది. డిసెంబరులో ఒక రాత్రి ఇషా నమాజు అయ్యాక ఆయన భోజనాల బల్ల మీద నాలుగు కాగితాలు పరిచారు. అవి లింపోపో రాష్ట్రంలోని వాటర్‌బర్గ్ కొండ ప్రాంతం నుండి ఒక వేట క్షేత్రం వారు పంపిన వివరాలు. ఐదు రోజుల బస, తోడుగా లైసెన్సు ఉన్న వేటగాడు, అద్దెకు తుపాకి, ఒక్కొక్క జంతువుకు ఒక్కొక్క ధర. ఆ పట్టికలో కూడూ అనే పెద్ద జింక పేరు చుట్టూ ఆయన అప్పటికే పెన్సిలుతో సున్న చుట్టి ఉంచారు.

ఆమె కాగితాలన్నీ ఓపికగా చదివి ఒకే ప్రశ్న అడిగారు. "ఏమండీ, ఈ మాంసం ఎవరు తింటారు?"

ఆ ప్రశ్నకు ఆ రాత్రి మా దగ్గర సమాధానం లేదు. దాని కోసం వెదుకుతూ గడిపిన ఆరు నెలల అనుభవాన్ని పాఠకులతో పంచుకోవాలన్నదే మా ఉద్దేశం. ఇద్దరం కలిసి రాస్తున్నాము కనుక ఇందులో 'నేను' అన్న మాట ఉండదు. 'ఆయన', 'ఆమె' అని వచ్చిన చోట మాలో ఒకరి గురించి మరొకరు చెబుతున్నట్లు భావించగలరు.

మాది నల్లమల అంచున ఉన్న మార్కాపురం. ఉద్యోగ రీత్యా జొహానెస్‌బర్గ్‌లో స్థిరపడి 11 సంవత్సరాలైంది. ఆయన చిన్నతనంలో ఇంటి వసారా గోడకు ఒక జత కణితి కొమ్ములు వేలాడుతూ ఉండేవి. దాదా గారి దగ్గర నాటు తుపాకి ఉండేదనీ, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక దానిని అప్పగించేశారనీ ఇంట్లో చెప్పుకునేవారు. ఆ కొమ్ముల కింద పడుకుని దాదా వేట కథలు విన్న పిల్లవాడికి ఎప్పటికైనా ఒక్కసారి అడవిలో తుపాకి పట్టాలన్న కోరిక మిగిలిపోయింది. స్వదేశంలో అది నేరం. ఇక్కడ చట్టం అనుమతిస్తుంది. ఆయన కోరికకు మూలం అంతే.

ఆమెకు వేట అంటే మొదటి నుండీ అయిష్టం. అయితే భర్త పాతికేళ్ళలో తన కోసం అడిగిన కోరికలు చాలా తక్కువ. అందువల్ల వద్దని ఒక్క మాటతో తోసివేయకుండా, ముందు విషయం తెలుసుకుందామన్నారు. తెలుసుకున్న కొద్దీ మా ఇద్దరి అభిప్రాయాలూ అంతో ఇంతో మారాయి.

మరునాడు ఆమె ధరల పట్టికను ముందు పెట్టుకుని పెన్సిలు పట్టారు. మొదట కొట్టివేసింది వార్తాగ్‌ను. అది పంది జాతికి చెందిన జంతువు, అడవిలో తిరిగినంత మాత్రాన హలాల్ కాదు. ఆ తర్వాత బబూన్ కోతి, చిరుతపులి, సింహం. కోరలతో వేటాడే మృగాల మాంసాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. ఇక మిగిలినవి ఇంపాలా, బ్లెస్‌బక్, జెమ్స్‌బక్, వైల్డబీస్ట్, కూడూ, ఈలండ్. అన్నీ గడ్డీ ఆకులూ మేసే జంతువులే. ఇంపాలా మన మేకపోతు కంటే కాస్త పెద్దది, 50 కిలోల అటూ ఇటూ ఉంటుంది. మగ కూడూ 200 కిలోలు దాటుతుంది. ఎదిగిన మగ ఈలండ్ 900 కిలోల వరకూ తూగగలదు. "కూడూను కొడితే రెండు వందల కిలోల జంతువు మన పేరు మీద పడుతుంది. మనం ఇంటికి తెచ్చేది కొమ్ములేనా?" అని ఆమె అడిగారు. నిజమే, ఆ క్షేత్రం వారి ఏర్పాటు ప్రకారం మాంసం క్షేత్రానికే చెందుతుంది. వేటగాడికి దక్కేవి కొమ్ములు, తల, చర్మం. తలను శుభ్రపరిచి, గాజు కళ్ళు అమర్చి గోడకు తగిలించేటట్లు చేసి ఇవ్వడానికి వేరే ఖర్చు.

సింహం ధర మీద కూడా మేము కొంతసేపు ఆగాము. ఈ దేశంలో సింహాలను పుట్టినప్పటి నుండీ కంచెల మధ్య పెంచి, పెద్దయ్యాక వేటగాడి ముందుకు వదిలే వ్యాపారం చాలాకాలంగా సాగుతున్నది. పారిపోయే చోటు లేని జంతువును కాల్చడం వేట ఎలా అవుతుందని ఇక్కడి వేటగాళ్ళలోనే చాలామంది తప్పుపట్టారు. 2021 మే నెలలో ప్రభుత్వం ఈ పెంపకాన్ని ఆపే దిశగా తన నిర్ణయాన్ని ప్రకటించింది. ఆ పేజీని మేము మడిచి పక్కన పెట్టాము.

ఆయన వైపు వాదన కూడా బలమైనదే. దానిని ఆమె మొదట ఊహించలేదు. వలసవాదుల తుపాకులు ఈ నేల మీద చేసిన విధ్వంసం చిన్నది కాదు. నీలి జింక 1800 ప్రాంతంలోనే పూర్తిగా అంతరించింది. ఒంటి మీద సగం వరకే చారలుండే క్వాగా జాతిలో చివరి జంతువు 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జంతు ప్రదర్శనశాలలో చనిపోయింది. బాంటెబాక్ అనే జింక కోసం 1931లో జాతీయ వనం ఏర్పాటు చేసినప్పుడు అందులో ఉన్నవి 17 మాత్రమే. తెల్ల ఖడ్గమృగాలు ఒక దశలో వందలోపుకు పడిపోయాయి. ఆ తర్వాత 1991లో వచ్చిన చట్టం, సరైన కంచె వేసిన భూమిలోని అడవి జంతువులపై భూయజమానికి హక్కు కల్పించింది. పశువుల మేతకు వాడుతున్న వేలాది పొలాలను యజమానులు మళ్ళీ అడవి జంతువులకు వదలడానికి అటువంటి హక్కు కారణమైంది. అడవి జంతువుకు విలువ ఏర్పడితే దానిని కాపాడే చేతులూ ఏర్పడతాయన్నది ఆ ఆలోచన. తెల్ల ఖడ్గమృగాల సంఖ్య 2012 నాటికి 20,000 దాటింది. తర్వాత దొంగవేట వల్ల మళ్ళీ తగ్గింది.

పొరుగున నమీబియాలో 1996 నుండి చట్టం గ్రామీణ సమాజాలకే వన్యప్రాణులపై హక్కులు ఇచ్చింది. అక్కడ వేటకు వచ్చినవారు చెల్లించే సొమ్ములో గ్రామానికి వాటా ఉంటుంది, మాంసం ఊరివారికి పంచుతారు. బోట్స్‌వానా 2014లో వేటను నిలిపివేసి, ఏనుగులతో రైతులు పడే బాధలను కారణంగా చూపుతూ 2019లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఇవన్నీ చదివాక, వేట అంతా క్రూరత్వమే అన్న తన పాత అభిప్రాయం తొందరపాటని ఆమె ఒప్పుకున్నారు. వెంటనే మరొక మాట కూడా అన్నారు. "అడవికి మేలు జరగడం మంచిదే. కానీ మీరు కూడూ చుట్టూ సున్న చుట్టిన రాత్రికి ఈ లెక్కలేవీ మీకు తెలియవు కదా!"

ఆయన నవ్వేశారు కానీ ఆ మాట ఆయనను వదలలేదు. కార్యాలన్నీ సంకల్పాలపైనే ఆధారపడి ఉంటాయని చిన్నప్పటి నుండీ వింటున్నాము. మనం చేసే పనికి తర్వాత దొరికిన మంచి కారణాన్ని మొదటి నుండీ ఉన్న సంకల్పంగా చూపించడం ఎంత తేలికో ఆ రోజు అర్థమైంది. ఆమె మరొక ప్రశ్న కూడా అడిగారు. "ఫోటో తీయకపోతే కూడా వెళ్తారా?" వేట ముగిశాక జంతువు నోటి దగ్గర నెత్తురు తుడిచి, బయటికి వచ్చిన నాలుకను లోపలికి నెట్టి, తలను పైకెత్తి పట్టుకుని, దాని వెనుక కూర్చుని ఫోటో తీయించుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఆ ఫోటోను బంధువులకు ఏ మాటలతో పంపాలో కూడా తాను అప్పటికే అనుకుని ఉన్నట్లు ఆయన ఒప్పుకున్నారు.

ఇస్లాం వేటను నిషేధించలేదు. దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలో శిక్షణ పొందిన జంతువులతో పట్టిన వేటను ధర్మసమ్మతం చేసింది. ఇహ్రామ్ స్థితిలో మాత్రం నేల మీది వేటను నిషేధించింది. ఆకలి తీరడానికి, జీవనోపాధికి చేసే వేటపై ఆక్షేపణ లేదు. కానీ ప్రాణమున్న దానిని గురి చూసే బొమ్మగా చేసుకోవడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. మా కోరిక ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉందో తేల్చుకోవడమే మా పని అయింది.

మసీదులో పరిచయమైన ఒక గుజరాతీ పెద్దాయన లెనేషియాలో ఉంటారు. ఆయన పూర్వీకులు నాలుగు తరాల క్రితం ఈ దేశానికి వచ్చారు. ప్రతి చలికాలం స్నేహితులతో వేటకు వెళ్ళి, ఇంటికి సరిపడా మాంసం తెచ్చుకోవడం ఆ కుటుంబానికి అలవాటు. మే నుండి ఆగస్టు వరకు ఇక్కడ చలికాలం. గడ్డి ఎండి, చెట్ల ఆకులు రాలి జంతువులు కనిపిస్తాయి. చల్లదనానికి మాంసం చెడదు. మేము ఆయన ఇంటికి వెళ్ళి సలహా అడిగాము. ఆయన మా పట్టిక వైపు చూడనైనా లేదు.

"బేటా, ఎప్పుడైనా కత్తి పట్టావా?" అని అడిగారు.

లేదు. 25 సంవత్సరాలుగా బక్రీదు నాడు ఖుర్బానీ ఇస్తున్నాము. ప్రతిసారీ కసాయి కోస్తుంటే పక్కన నిలబడ్డవారమే. రోజూ మాంసం తింటూ, దాని కోసం ప్రాణం తీసే బరువును ఎప్పుడూ వేరొకరి చేతికి అప్పగించిన ఇల్లు మాది.

పెద్దాయన వివరంగా చెప్పారు. తుపాకి గుండు దెబ్బకే చనిపోయిన జంతువు విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) వేట గురించి అడిగినప్పుడు, ఆయుధం పదును గుచ్చుకుని చనిపోయినదానిని తినవచ్చుననీ, అడ్డంగా తగిలిన దెబ్బకు చనిపోయినదానిని తినరాదనీ దైవప్రవక్త (సఅసం) తెలిపారు. గుండు కత్తిలా కోయదు, వేగంతో దెబ్బతీస్తుంది కనుక, కొనఊపిరి ఉండగా చేరుకుని జిబహ్ చేస్తేనే హలాల్ అన్నది మన ఉపఖండపు హనఫీ ఉలమాల్లో చాలామంది అభిప్రాయం. గుండు శరీరాన్ని చీల్చుకుపోతుంది కనుక అల్లాహ్ పేరు పలికి కాల్చితే చాలునని చెప్పే ఉలమాలూ ఉన్నారు. పెద్దాయన కుటుంబం మొదటి అభిప్రాయాన్ని పాటిస్తుంది. మేమూ అదే పాటిస్తాము.

"మేము ఎనిమిది మందిమి వెళ్తాము. కాల్చేది ఇద్దరే. మిగిలిన ఆరుగురూ పరుగెత్తడానికి, కొయ్యడానికి, మొయ్యడానికి" అని ఆయన నవ్వారు.

ఇక్కడే మాకు అసలైన చిక్కు ఎదురైంది. క్షేత్రం వేటగాడితో ఫోనులో మాట్లాడితే, భుజం వెనుక గుండెకూ ఊపిరితిత్తులకూ తగిలేటట్లు కొట్టాలనీ, క్షణాల్లో ప్రాణం పోవడమే జంతువు పట్ల దయ అనీ చెప్పాడు. ఆ మాటలో న్యాయముంది. జిబహ్ చేసేటప్పుడు కూడా కత్తికి పదును పెట్టి జంతువుకు బాధ తగ్గించాలన్నది మన ధర్మం నేర్పిన పద్ధతే. కానీ అలా వెంటనే చనిపోతే ఆ మాంసం మాకు పనికిరాదు. మెడ పైభాగంలో వెన్నుపాముకు తగిలితే జంతువు ఉన్నచోటే కూలిపోతుంది, గుండె ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది, చేరుకుని జిబహ్ చేయడానికి వ్యవధి దొరుకుతుంది. పెద్దాయన మనుషులు కొట్టేది అక్కడే. అయితే ఆ చోటు అరచేయి అంత కూడా ఉండదు. అంగుళం తప్పితే దవడ పగులుతుంది, గొంతు చిరుగుతుంది. ఆ గాయంతో జంతువు పొదల్లోకి పారిపోయి రోజుల తరబడి చస్తుంది.

ఆయన నగరం శివార్లలోని ఒక కాల్పుల శిక్షణ కేంద్రంలో చేరారు. ఫిబ్రవరిలో మొదటి పరీక్ష. 100 మీటర్ల దూరంలో కాగితం, దాని మీద టీ సాసరు అంత వలయం, పది గుండ్లు. కాగితాన్ని ఇంటికి తెచ్చి ఆమెకు చూపించారు. వలయంలో ఆరు పడ్డాయి. మొదటి ప్రయత్నానికి అది చాలా మంచి ఫలితమని శిక్షకుడు మెచ్చుకున్నాడట. ఆమె వలయం బయట ఉన్న నాలుగు రంధ్రాల మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూశారు. "ఇవి ఎక్కడ తగిలినట్లు?" అన్నారు.

ధరల పట్టిక చివర ఒక నియమం ఉంది. గాయపడి దొరకకుండా పోయిన జంతువుకు కూడా పూర్తి ధర చెల్లించాలి. నెత్తుటి చుక్క నేల మీద పడితే జంతువు పడినట్లే లెక్క. క్షేత్రం వారికి మేము సొమ్ము చెల్లించి బయటపడగలము. ఆ నాలుగు గుండ్లకు మరొక చోట లెక్క అడిగితే ఏమి చెప్పాలి? ఆ కాగితాన్ని ఆమె వంటింటి అలమారా తలుపుకు లోపలి వైపు అంటించారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ వారంలోనే ఆయన మార్కాపురంలో ఉన్న అబ్బాతో ఫోనులో మాట్లాడుతూ విషయం చెప్పారు. దాదాలాగే తానూ కొమ్ములు తెచ్చి గోడకు తగిలిస్తానన్నారు. అబ్బా చాలాసేపు నవ్వారు.

"ఆ కొమ్ములు మీ దాదా కొట్టినవని నీకెవరు చెప్పారు బేటా? అవి అడవిలో రాలిపోయిన కొమ్ములు. చెంచులు ఏరి తెస్తే ఉప్పూ బట్టా ఇచ్చి తీసుకున్నారు. మీ దాదా కొట్టింది కుందేళ్ళను, కౌజు పిట్టలను. అదీ ఇంట్లో కూరకు లేనప్పుడు."

కణితి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. దుప్పికీ అంతే. కూడూ సంగతి వేరు. మీటరు పైబడి పెరిగే ఆ మెలికల కొమ్ములు లోపల ఎముకను అంటిపెట్టుకుని ఉంటాయి, జీవితాంతం రాలవు. చంపకుండా అవి చేతికి రావు. చిన్నప్పుడు దాదా గోడ మీద చూసినదానికీ, తాను కొనబోతున్నదానికీ పోలికే లేదని ఆ సాయంత్రం ఆయన గ్రహించారు. రాత్రి భోజనం దగ్గర మా మధ్య మాటలు పెద్దగా సాగలేదు.

మర్నాడు ఇద్దరం కూర్చుని క్షేత్రానికి కొత్త లేఖ రాశాము. కూడూ వద్దన్నాము. చలికాలం చివర మేత తగ్గేలోపు మంద సంఖ్య తగ్గించడానికి వారు ఎలాగూ తీసివేసే ఇంపాలాల్లో ఒక్కటి ఇవ్వమని అడిగాము. మాంసం మాది, కొమ్ములు అక్కర్లేదు. కొమ్ములు లేని ఆడదానిని ఇస్తామని వారు జవాబు రాశారు. లెనేషియా పెద్దాయన వద్దన్నారు. ఏప్రిల్, మే నెలల్లో జతకట్టిన ఆడ ఇంపాలాలు జూలై నాటికి చూలుతో ఉంటాయట. అందువల్ల కొమ్ములు ఇంకా సరిగా ఎదగని కుర్ర మగదానిని అడిగాము. అటువంటి దాని తలను గోడకు ఎవరూ తగిలించరు. ఐదు రోజుల బస రెండు రోజులకు తగ్గింది, ఖర్చు నాలుగో వంతుకు దిగింది.

మాకు మేము ఒక షరతు కూడా పెట్టుకున్నాము. ప్రయాణానికి ముందు వరుసగా రెండు వారాలు పదికి పది వలయంలో పడితేనే ఆయన తుపాకి పడతారు. పడకపోతే క్షేత్రంలో ఆరితేరిన గురికాడు కాలుస్తాడు, ఆయన పరుగెత్తి జిబహ్ చేస్తారు. ఈ రెండవ పద్ధతిలో కాల్చేవాడు ఎవరైనా, ప్రాణం ఉండగా చేరుకుంటే మాంసం విషయంలో సందేహం ఉండదు.

కత్తి పట్టడం నేర్చుకోవలసిందే కనుక ఈ బక్రీదుకు ఖుర్బానీ గొర్రెను ఆయనే స్వయంగా జిబహ్ చేశారు. పెద్దాయన పక్కన నిలబడి చేయి ఎక్కడ పెట్టాలో చూపించారు. బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. చేయి మాత్రం వణకకుండా అల్లాహ్ కాపాడాడు. ఆ రోజు ఇంటికి వచ్చి స్నానం చేసి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. మధ్యాహ్నం పళ్ళెంలో ఒక్క ముక్క కూడా మిగల్చలేదు. పాతికేళ్ళలో ఆయన పళ్ళెం అంత శుభ్రంగా ఖాళీ కావడం అదే మొదటిసారి అని ఆమె సాక్ష్యం.

ఇప్పుడు ఆమెకూ ఈ ప్రయాణంలో పని ఉంది. 50 కిలోల ఇంపాలాలో ఎముకా చర్మమూ పోగా సుమారు సగమే మాంసం. అడవి జంతువు కనుక కొవ్వు దాదాపు ఉండదు, మన ఇంటి పద్ధతిలో వండితే ఎండిపోతుంది. పెరుగులో రాత్రంతా నానబెట్టి దమ్ములో పెట్టమని పెద్దాయన భార్య నేర్పారు. కొంత భాగాన్ని వెనిగరు, ఉప్పు, ధనియాలు, మిరియాలు పట్టించి ఇక్కడివారి బిల్‌టాంగ్‌లా ఆరబెడతాము. అది మన వైపు ఉప్పుకండకు దగ్గరి చుట్టమే. ఇది ఖుర్బానీ కాదు, ఖుర్బానీకి పెంపుడు పశువులే తగినవి. అయినా మూడు భాగాలు చేసే ఆ అలవాటు మంచిదనిపించి, ఒక భాగం ఇంటికి, ఒకటి స్నేహితులకు, ఒకటి క్షేత్రంలో పనిచేసే కుటుంబాలకు అని నిర్ణయించుకున్నాము. మొదటి రాత్రి ఆమె అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మా దగ్గర పేర్లతో సహా జాబితా ఉంది.

ఈ మొత్తం ఆలోచననే విరమించుకుంటే బాగుండేదని అనేవారు మా స్నేహితుల్లో ఉన్నారు. వారి మాటను మేము తేలికగా తీసుకోవడం లేదు. రాత్రి నిద్ర పట్టనప్పుడు మాకూ అదే అనిపిస్తుంది. కానీ మాంసం తినడం మానలేని మేము, దానికోసం పోయే ప్రాణాన్ని ఒక్కసారైనా కళ్ళారా చూడడం, దాని బరువు చేతితో మోయడం అవసరమే అనుకుంటున్నాము. హలాల్ అన్న మాట మాంసం పొట్లం మీద ముద్రతోనే పూర్తికాదని ఈ ఆరు నెలలూ మాకు నేర్పాయి. ధర్మం అనుమతించిన పనిలో కూడా మనసు ఎంత సులభంగా ప్రదర్శనను చేర్చుకుంటుందో చూశాము. సోదర సోదరీమణులారా, మీ ఇళ్ళలోనూ వేట కాకపోవచ్చు, పెళ్ళి కావచ్చు, కొత్త ఇల్లు కావచ్చు, ప్రయాణం కావచ్చు. ఫోటో లేకపోయినా ఈ పని చేస్తామా అని భార్యాభర్తలు ఒకరినొకరు ఒక్కసారి అడిగి చూసుకోండి.

మా ప్రయాణం జూలై రెండవ వారంలో. మొన్న శనివారం కాగితం మీద వలయంలో పడినవి ఎనిమిది. ఇంకా రెండు గుండ్లు బయటే ఉన్నాయి. వచ్చే శనివారం ఆయన మళ్ళీ వెళ్తారు. పదునుపెట్టిన కత్తి మాత్రం గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంది. తుపాకి ఎవరి చేతిలో ఉన్నా ఆ కత్తి ఆయన చేతిలోనే ఉంటుంది, ఇన్షా అల్లాహ్.